ఫీనిక్స్ నుంచి టూసాన్ డెజర్ట్ మ్యూజియానికి ఒక్క రోజు ప్రయాణం: మార్చిలోనా, మే నెలలోనా?

చాండ్లర్‌వాసి:

అందరికీ నమస్కారం. మా అమ్మగారు, నాన్నగారు మార్చి మూడవ వారంలో వచ్చి జూన్ మొదటి వారం వరకు మా దగ్గర ఉండబోతున్నారు. వారిని టూసాన్ దగ్గరున్న అరిజోనా-సొనోరా డెజర్ట్ మ్యూజియానికి ఒక శనివారం తీసుకువెళ్ళి, అదే రాత్రికి ఇంటికి తిరిగి రావాలని మా ఆలోచన. పేరులో మ్యూజియం అని ఉన్నప్పటికీ అందులో ఎక్కువ భాగం ఆరుబయటే ఉంటుందని, జంతువులూ మొక్కలూ ఒకే బాట వెంబడి కనిపిస్తాయని విన్నాను. మా అమ్మగారికి మొక్కలంటే ప్రాణం. మా ఎనిమిదేళ్ళ అబ్బాయికి జంతువులు తప్ప మరేమీ పట్టదు. నాన్నగారికి మోకాళ్ళ నొప్పి ఉన్నందువల్ల అరగంట నడిస్తే కాసేపు కూర్చోవలసి వస్తుంది.

ఎటూ తేలనిది ఏ నెలలో వెళ్ళాలన్న విషయమే. మార్చి చివర వెళితే ఎండ తక్కువగా ఉంటుందని, డేగల ప్రదర్శన కూడా చూడవచ్చని మా ఆఫీసులో ఒకరు చెప్పారు. సగువారో అనే నిలువెత్తు కాక్టస్ పువ్వులు చూడకపోతే అక్కడి తోటను చూసినట్టే కాదని, మే నెల దాకా ఆగమని మరొకరు అన్నారు. అంత దూరం రెండుసార్లు వెళ్ళే తీరిక మాకు లేదు. నాన్నగారు అలసిపోకుండా, మిగిలిన ఇద్దరూ నిరాశపడకుండా చూసి రావాలంటే ఏ సమయం మేలు? లోపల ఏ వరుసలో చూడాలి? పక్కనే ఉన్న సగువారో నేషనల్ పార్కును కూడా అదే రోజు కలుపుకోవచ్చా? చూసి వచ్చినవారు వివరంగా చెప్పగలరని మనవి.

టూసాన్ పాతకాపు:

చాండ్లర్‌వాసి గారూ, ఒక్క రోజులో వెళ్ళి రావడం నిక్షేపంగా సాధ్యమే. ఫీనిక్స్ నుంచి టూసాన్‌కు ఐ-10 ఫ్రీవే మీద సుమారు 115 మైళ్ళు. మీరు ఫీనిక్స్‌కు దక్షిణపు వైపే ఉన్నారు కనుక మీకు ఇంకా కలిసివస్తుంది. మ్యూజియం ఊరి నడుమ లేదు, ఊరికి పడమరగా టూసాన్ కొండల అవతలి వాలులో ఉంది. అందువల్ల నగరంలోకి వెళ్ళే పని లేకుండా అవ్రా వ్యాలీ రోడ్డు దగ్గర ఫ్రీవే దిగి, పడమరగా వెళ్ళి శాండారియో రోడ్డు, ఆ తరువాత కిన్నీ రోడ్డు పట్టుకోండి. గేట్స్ పాస్ అనే కనుమ మీదుగా వచ్చే దారి చూడముచ్చటగా ఉంటుంది గాని, ఏటవాలుగా, మలుపుల మీద మలుపులతో ఉంటుంది. కారులో కడుపు తిప్పే అలవాటున్నవారు మీ వెంట ఉంటే పొద్దున్నే దాని జోలికి పోకపోవడం మంచిది.

ఈ మ్యూజియం 1952లో విలియం కార్, ఆర్థర్ ప్యాక్ అనే ఇద్దరి చొరవతో మొదలైంది. సొనోరన్ ఎడారి ప్రాంతానికి చెందిన ప్రాణులను, మొక్కలను చూపించడమే దీని ప్రత్యేకత. కనుక ఏనుగు, జిరాఫీ, పెద్దపులి ఇక్కడ కనబడవు. ఈ సంగతి మీ అబ్బాయికి బయలుదేరక ముందే చెప్పండి. ప్యూమా, బాబ్‌క్యాట్ అనే పిల్లిజాతి జంతువులు, నక్కను పోలిన కొయోటీ, మెక్సికన్ తోడేలు, బిగ్‌హార్న్ గొర్రెలు, పందిలా కనిపిస్తూనే పంది కుటుంబానికి చెందని హావెలీనా, బొరియల్లోంచి తలలెత్తి చూసే ఉడుతజాతి ప్రెయిరీ డాగ్‌లు వాడికి చాలినంత కాలక్షేపం. ఎడారిలో నీటికుక్కలు, బీవర్లు ఎందుకున్నాయని వాడు తప్పక అడుగుతాడు. ఈ ఎడారి గుండా నదులు కూడా పారుతుండేవి, వాటి ఒడ్డు వెంబడి వేరే లోకమే ఉండేది; ఆ సంగతి చూపించడానికే వాటిని అక్కడ ఉంచారు.

మొత్తం స్థలం 98 ఎకరాలు. సందర్శకులు తిరిగే భాగం మాత్రం 21 ఎకరాలే, నడకదారులన్నీ కలిపితే సుమారు రెండు మైళ్ళు. వరుస విషయంలో నా సలహా ఒక్కటే: గేటు తెరిచే వేళకు అక్కడుండి, నేరుగా డెజర్ట్ లూప్ అనే అరమైలు బాటకు వెళ్ళండి. లోపలి బాటలన్నింటిలో నీడ తక్కువగా ఉండేది అదే. హావెలీనాలు, కొయోటీలు ఉండేదీ అక్కడే. ఎండ ఎక్కాక అవి ఏ పొద కిందో పడుకుంటే మీరు ఆ బాటంతా నడిచీ ఖాళీ బండలు చూసి రావలసివస్తుంది. డేగల ప్రదర్శన జరిగేది కూడా ఆ బాట పక్కనే కాబట్టి, ఉదయపు ప్రదర్శన చూసుకుని వెనక్కి వస్తే నాన్నగారికి మళ్ళీ అంత దూరం నడక తప్పుతుంది. ఆ తరువాత పిల్లిజాతి జంతువులున్న క్యాట్ కాన్యన్, హమ్మింగ్‌బర్డ్‌లు మీ చెవి పక్కనుంచి దూసుకుపోయే పంజరశాల చూడండి. మధ్యాహ్నానికి చల్లగా ఉండే కృత్రిమ గుహ, ఖనిజాల గది, అక్వేరియం మిగుల్చుకోండి. అవన్నీ పైకప్పు కింద ఉన్నవే.

నెల సంగతికొస్తే, నేను మార్చి చివరికే మొగ్గుతాను. డేగల ప్రదర్శన సాధారణంగా అక్టోబరు మధ్య నుంచి ఏప్రిల్ మధ్య వరకే ఉంటుంది. అందులో పాల్గొనే హారిస్ డేగలు మిగతా డేగల్లా ఒంటరిగా కాక కుటుంబంగా కలిసి వేటాడతాయి. ఒకే కొమ్మ మీద చోటు చాలకపోతే ఒకదాని వీపు మీద మరొకటి ఎక్కి నిలబడతాయి. తాడు గాని వల గాని లేకుండా అవి జనం తలల మీదుగా ఎగిరిపోతుంటే, జంతువుల పిచ్చి ఉన్న పిల్లవాడికి అంతకు మించినది అక్కడ మరొకటి లేదని నా అభిప్రాయం.

ముళ్ళబాట:

పాతకాపు గారు చెప్పిన దారి, వరుస రెండూ సరిగానే ఉన్నాయి గాని, ఆయన జవాబులో తోట ఎక్కడా కనబడలేదు. అక్కడ జంతువులు సుమారు 230 జాతులైతే మొక్కలు 1,200 రకాలు, విడివిడిగా లెక్కిస్తే 56,000కు పైమాటే. చాండ్లర్‌వాసి గారి అమ్మగారి కోసం ఆ లోటు కొంత పూరిస్తాను.

సగువారో ప్రపంచంలో సొనోరన్ ఎడారిలో తప్ప మరెక్కడా సహజంగా పెరగదు. దాని ఎదుగుదల ఎంత నెమ్మదో చెప్పడానికి మీ అబ్బాయి వయసే చాలు: ఎనిమిదేళ్ళ సగువారో అంగుళం, మహా అయితే అంగుళమున్నర ఎత్తుంటుంది. మొదటి పువ్వు పూయడానికి ముప్పై అయిదేళ్ళ దాకా పడుతుంది, చేతుల్లా కనిపించే కొమ్మలు రావడానికి యాభై నుంచి డెబ్బై ఏళ్ళు కావాలి, ఆయుష్షు నూట యాభై ఏళ్ళు దాటుతుంది. అంటే రెండు చేతులతో బాట పక్కన నిలబడి ఉన్న ప్రతి సగువారో నాన్నగారికంటే పెద్దదే అయి ఉండవచ్చు. కాండం మీద నిలువునా ఉన్న మడతలు హార్మోనియం తిత్తిలా వాన పడ్డప్పుడు విచ్చుకుంటాయి, నీళ్ళు తరిగే కొద్దీ ముడుచుకుంటాయి. కాండంలో గిలా వడ్రంగిపిట్ట తొలిచిన తొర్రలను కూడా చూపించండి. ఆ పిట్ట ఖాళీ చేశాక వాటిలో ఎల్ఫ్ గుడ్లగూబ వంటివి కాపురముంటాయి.

చిన్న సగువారో ఎండకు మాడిపోకుండా సాధారణంగా ఒక పాలో వెర్డే చెట్టు నీడన మొలుస్తుంది. ఆ పాలో వెర్డే కూడా ఆగి చూడవలసిన చెట్టే. దాని బెరడే పచ్చగా ఉంటుంది, నీళ్ళు లేని రోజుల్లో ఆకులు రాల్చేసి కాండంతోనే ఆహారం తయారు చేసుకుంటుంది. ఒకొటీయో అనే మరో మొక్క వాన పడిన కొద్ది రోజులకే నిలువెల్లా ఆకులు తొడిగి, నేల ఆరగానే వాటిని వదిలేస్తుంది. మిగతా రోజుల్లో అది ముళ్ళకట్టెల మోపు మాత్రమే కనుక, తెలియనివారు ఎండిపోయిందనుకుని దాటిపోతారు.

మన పొలం గట్ల మీద కంచెగా పెరిగే బొమ్మజెముడు తెలిసిన అమ్మగారికి ఇక్కడి మొక్కలు దాని బంధువుల్లాగే అనిపిస్తాయి. నిజానికి బొమ్మజెముడు గిచ్చితే పాలు కారే వేరే కుటుంబపు మొక్క. కాక్టస్ కుటుంబం దాదాపు పూర్తిగా అమెరికా ఖండాలదే. ఇక మెస్కీట్ చెట్టును చూడగానే ఆవిడ సర్కారు తుమ్మ అంటారు, అందులో మాత్రం ఆవిడ మాటే నిజం, అది దాని దగ్గరి చుట్టమే. టూసాన్ దగ్గరి ఒక గనిలో నేల కింద 150 అడుగుల లోతు దాటి దీని వేళ్ళు బయటపడ్డాయి. అమెరికా నుంచి వచ్చిన సర్కారు తుమ్మ మన చెరువులనూ బీళ్ళనూ ఆక్రమించి మనల్ని ఎంత ఏడిపించిందో అందరికీ తెలుసు. ఇక్కడ కథ తిరగబడింది: ఆఫ్రికా నుంచి ఇండియా దాకా పశువుల మేతగా పేరున్న బఫెల్ గడ్డి ఈ ఎడారికి తెచ్చిపెట్టాక పొదల మధ్య ఖాళీలన్నీ నింపేసి, ఎండాకాలంలో నిప్పును ఒక మొక్క నుంచి మరో మొక్కకు మోసుకుపోతోంది. మంటకు అలవాటు లేని సగువారోలు దానివల్ల కాలిపోతున్నాయి, అందుకే ఆ గడ్డిని పీకే పనిలో మ్యూజియం వారు కూడా ఉన్నారు.

ఇవన్నీ ఎప్పుడు వెళ్ళినా చూడవచ్చు. సగువారో పువ్వు మాత్రం ఏప్రిల్ చివర నుంచి జూన్ మొదటి రోజుల దాకానే ఉంటుంది. ఒక్కొక్క పువ్వు రాత్రి విచ్చుకుని మరునాటి మధ్యాహ్నానికే ముడుచుకుపోతుంది. రాత్రి మెక్సికో నుంచి వచ్చిన గబ్బిలాలు, తెల్లవారాక తేనెటీగలు, తెల్లరెక్కల పావురాలు దాని మీద వాలతాయి. మీ అమ్మగారి మనసుకు ప్రాధాన్యమిస్తే నేను మే నెలే అంటాను.

ఎండమావి:

మే నెల అని సులువుగా అనేశారు గాని, ముళ్ళబాట గారూ, ఆ నెలలో టూసాన్‌లో పగటి వేడి తరచుగా 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది, నెలాఖరుకు 100 తాకడం మామూలే. పొడిగాలిలో చెమట పట్టినట్టే తెలియదు కనుక పెద్దవారు దాహం వేసేదాకా నీళ్ళు తాగరు, ఆ పాటికే తల తిరగడం మొదలవుతుంది. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు ఎండ ఎక్కకముందే చూసేయాలని వేగంగా నడవలేరు కదా. పూల కోసం ఆయనను ఎండలో నిలబెట్టడం నాకు న్యాయంగా తోచదు.

అలాగని మార్చి చివర కూడా సరైన సమయమని నేను అనను. మధ్యే మార్గం ఒకటుంది. ఏప్రిల్ మొదటి రెండు వారాల్లో వెళితే డేగల ప్రదర్శన ఇంకా ముగిసి ఉండదు, పాలో వెర్డే చెట్లు పచ్చపచ్చని పూలతో నిండుతాయి, ఒకొటీయో కొసలన ఎర్రని గుత్తులుంటాయి, నేలకు దగ్గరగా పెరిగే హెడ్జ్‌హాగ్ కాక్టస్‌లు గులాబీ రంగులో పూస్తాయి. సగువారో పువ్వొక్కటే దక్కదు. దానికోసం టూసాన్ దాకా వెళ్ళనక్కరలేదు. మే నెలలో ఏదో ఒక ఉదయం గేటు తెరిచే వేళకు మీ ఊరికి దగ్గరలోనే, ఫీనిక్స్‌లోని పాపగో పార్కు పక్కన 1939లో నెలకొల్పిన డెజర్ట్ బొటానికల్ గార్డెన్‌కు అమ్మగారిని తీసుకువెళ్ళండి. ఎండ ముదిరేలోపు ఇంటికి చేరతారు, నాన్నగారు రాకపోయినా నష్టం లేదు.

జంతువుల విషయంలో అబ్బాయి ఆశలను కొంచెం తగ్గించి ఉంచండి. ఎడారి జంతువులు చాలావరకు తెల్లవారుజామున, చీకటి పడే వేళ తిరుగుతాయి, మిగతా పగలంతా నీడ వెదుక్కుని పడుకుంటాయి; ఆవరణలను కూడా అవి దాక్కోగలిగేలాగే కట్టారు. ప్యూమా తోక కొస మాత్రమే కనిపించి పిల్లలు అలిగిన సందర్భాలు చాలా చూశాను. అలాంటప్పుడు పాముల గదికి తీసుకువెళ్ళడం మంచి ఉపాయం, అక్కడివి అద్దం వెనుక దగ్గరగా కనిపిస్తాయి. గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి దగ్గర నాన్నగారిని కూడా ఆపండి. దాని లాలాజలంలో దొరికిన ఒక పదార్థం ఆధారంగా తయారైన ఎక్సెనటైడ్ అనే మందును టైప్ 2 మధుమేహానికి అమెరికాలో 2005లో ఆమోదించారు. ఇప్పుడు ఊరూరా వినబడుతున్న ఓజెంపిక్ వంటి ఆ కోవ మందులలో మొదట వచ్చింది అదే. ఇంట్లో ఎవరో ఒకరికి షుగర్ ఉండే మన వాళ్ళకు ఈ కబురు మనసుకు పడుతుంది.

బాటల వెంబడి అక్కడక్కడ డోసెంట్లు అనే స్వచ్ఛంద సేవకులు ఉంటారు. పుర్రెలు, ఈకలు, ఒక్కోసారి బతికి ఉన్న గుడ్లగూబ, వారి చేతుల్లో ఏదో ఒకటి ఉంటుంది. పిల్లలు ఎన్ని ప్రశ్నలు వేసినా విసుక్కోరు. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు కూర్చోవడానికి ఇంతకంటే మంచి చోట్లు దొరకవు. పిల్లవాడు అడుగుతూ ఉంటాడు, నాన్నగారు పక్క బెంచీ మీద వింటూ ఉంటారు.

చాండ్లర్‌వాసి:

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఎండమావి గారి మాట మా ఇంట్లో అందరికీ నచ్చింది, ఏప్రిల్ రెండవ శనివారం అనుకుంటున్నాము. మరి రెండు సందేహాలు మిగిలాయి. మా దగ్గర నేషనల్ పార్కుల వార్షిక పాస్ ఉంది, అది మ్యూజియంలో కూడా చెల్లుతుందా? మధ్యాహ్నం తరువాత సగువారో నేషనల్ పార్కులో నాన్నగారు నడవగలిగిన చోటు ఏదైనా ఉందా, లేక ఆయనను కారులోనే కూర్చోబెట్టి చూపించవలసిందేనా?

టూసాన్ పాతకాపు:

పాస్ మ్యూజియంలో చెల్లదు. అది లాభాపేక్ష లేని ప్రైవేటు సంస్థ కనుక దాని టికెట్టు వేరే కొనుక్కోవలసిందే. నేషనల్ పార్కులో మాత్రం మీ పాస్ చాలు. లేనివారికి కారుకు 25 డాలర్లు, అది ఏడు రోజుల వరకు, టూసాన్‌కు తూర్పున ఉన్న రెండవ భాగానికి కూడా వర్తిస్తుంది.

పార్కు పశ్చిమ భాగపు విజిటర్ సెంటర్ మ్యూజియం నుంచి అదే కిన్నీ రోడ్డు మీద రెండు మైళ్ళ దూరమే, మీరు తిరిగి వెళ్ళే దారిలోనే వస్తుంది. దానికి దగ్గరలో డెజర్ట్ డిస్కవరీ అనే అరమైలు బాట ఉంది; దానికి గట్టి ఉపరితలం వేశారు, చక్రాల కుర్చీ కూడా వెళుతుంది, నడుమ కూర్చునే చోట్లున్నాయి. నాన్నగారికి ఆ ఒక్కటి చాలు. ఓపిక మిగిలితే బహాడా లూప్ అనే మట్టిరోడ్డు మీద కారులోనే ఒక చుట్టు తిరగవచ్చు. ఆ దారిలో సిగ్నల్ హిల్ దగ్గర పూర్వం ఈ ప్రాంతంలో నివసించిన హోహోకమ్ ప్రజలు రాళ్ళ మీద చెక్కిన బొమ్మలున్నాయి గాని, అక్కడికి మెట్లున్న చిన్న ఎక్కుడు తప్పదు. మీరూ అబ్బాయీ వెళ్ళి రండి.

చక్రాల కుర్చీలు మ్యూజియం ప్రవేశద్వారం దగ్గర దొరుకుతాయి, ముందురోజు ఫోన్ చేసి ఎలా ఇస్తారో కనుక్కోండి. నాన్నగారు ఇప్పుడు వద్దన్నా తీసుకోండి, డెజర్ట్ లూప్‌లో ఎత్తుపల్లాలున్నాయి, వెనక్కి వచ్చేటప్పుడు అక్కరకొస్తుంది.

ముళ్ళబాట:

ఒక జాగ్రత్త చెప్పడం మరిచారు. కారులో ఒక దువ్వెన, పట్టకారు ఉంచుకోండి. చోయా అనే కాక్టస్ ముక్కలు తగిలీ తగలకముందే బట్టలకు, చర్మానికి పట్టుకుంటాయి. వాటిని చేత్తో లాగితే చేతికి అంటుకుంటాయి, దువ్వెన దూర్చి విసురుగా తీసేయాలి. నాగజెముడు మట్టల మీద మెత్తగా నూగులా కనిపించేది పెద్ద ముళ్ళకంటే ఎక్కువ బాధ పెడుతుంది, అది చర్మంలో దిగితే కంటికి కూడా సరిగా కనబడదు. పూలను దగ్గరగా చూడాలని వంగే అమ్మగారికీ, పరిగెత్తే అబ్బాయికీ ఇద్దరికీ ఈ మాట చెప్పండి.

ఎండమావి:

తిరుగు ప్రయాణం గురించి కూడా రెండు మాటలు. టూసాన్ నుంచి ఫీనిక్స్‌కు ఐ-10 వాయవ్యంగా సాగుతుంది కనుక సూర్యాస్తమయానికి ముందు గంటసేపు ఎండ డ్రైవరు కళ్ళలో కొడుతుంది. పార్కులో ఇంకొంచెం సేపు గడిపి, పొద్దు వాలాక బయలుదేరితే హాయిగా ఉంటుంది. దారిలో పికాచో, ఎలోయ్ అనే ఊళ్ళ పరిసరాల్లో గాలి ఎక్కువైనప్పుడు దుమ్ము లేచి ఎదుటి కారు కూడా కనబడకుండా పోతుంది. అటువంటప్పుడు మెల్లగా నడుపుతూ ముందుకు పోవాలని చూడకండి. రోడ్డు నుంచి వీలైనంత పక్కకు దిగి ఆపి, లైట్లన్నీ ఆర్పి, పార్కింగ్ బ్రేక్ వేసి, కాలు బ్రేకు మీద నుంచి తీసేయాలి. లైట్లు వెలుగుతూ ఉంటే వెనుక వచ్చేవారు మీరు రోడ్డు మీదే వెళుతున్నారనుకుని మీ వెంటే వచ్చి గుద్దే ప్రమాదముంది. బయలుదేరే ముందు ఆ రోజు గాలి హెచ్చరికలు ఏమైనా ఉన్నాయేమో ఒకసారి చూసుకోండి.